పోటు వేళ

ఆ సాయంత్రం నాన్న ఇంట్లోకి రాలేదు.
చేపల ఫ్యాక్టరీ నించి నేరుగా
ఇంటి కింద కట్టేసిన పడవలోకి దిగి
తలెత్తి అరిచాడు:
"నెల్దా, నా పక్కన నిలబడి పనిచేసేవాడికి వచ్చిందట.
పద్నాలుగు రోజులు. ఒక దుప్పటి పడెయ్."

చిలోయే దీవిలో మా వీధి ఇళ్ళన్నీ
బురదలో కర్రకాళ్ళు దిగేసి నిలబడ్డవి.
గుమ్మం రోడ్డు మీదికి, వంటింటి కిటికీ నీళ్ళ మీదికి.
ఆటు వేళ నాన్న ఎక్కడో పాతాళంలో,
ఒరిగిన పడవలో ఒక దగ్గు.
పోటు వేళ నీళ్ళే నాన్నని ఎత్తుకొచ్చి
కిటికీ ముందు నిలబెట్టేవి,
గడ్డం మాసి, ఊలుటోపీ కళ్ళదాకా లాక్కుని,
చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా.
చాచకూడదని అమ్మ ఆజ్ఞ.

సముద్రం రోజూ ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది.
అమ్మ క్యాలెండరు మీద పెన్సిలుతో వేళలు రాసుకుంది
కిరాణా బాకీ రాసుకున్నట్టు.
పన్నెండింటి భోజనం వారం తిరిగేసరికి
సాయంత్రం ఆరింటికి జరిగింది.
తాడుకి కట్టిన బకెట్లో
ఆల్చిప్పల పులుసు, రెండు దుంపలు,
జాడీలో థర్మామీటరు.
"ముప్పై ఆరున్నర!" అనేవాడు.
జాడీ మూత తియ్యకముందే చెప్తున్నాడని
తమ్ముడు దామాసో కనిపెట్టాడు.
అమ్మకి చెప్పొద్దన్నాను.
అమ్మకి తెలుసని ఇద్దరికీ తెలుసు.

రాత్రుళ్ళు నేలపలకల సందుల్లోంచి దగ్గు పైకొచ్చేది.
పక్కలో పోటని ఒక్కసారే అన్నాడు,
అదీ పలవరింతలో.
చెక్కకి చెవి ఆనించి
దగ్గుకీ దగ్గుకీ మధ్య అంకెలు లెక్కపెట్టేవాళ్ళం.
అంకె పెద్దదైతే మరీ భయం.

మూడిళ్ళ అవతల దోన్ రూపెర్తో పోయాడు.
తొమ్మిది రాత్రులు ఊరంతా చుట్టూ కూచుని
జపమాల తిప్పి, తిని, తాగి
సాగనంపాల్సిన మనిషి.
ఎవరిళ్ళలో వాళ్ళం కిటికీలు తెరిచి
చీకట్లోకి ప్రార్థన చదివాం.
గొంతులు కలవలేదు, ఇల్లు ఇంటికీ ఒక మాట వెనక.
పడవలోంచి "ఆమెన్"
అందరికన్నా ఆలస్యంగా.

పదకొండో రోజు
నానమ్మ ఎర్సీరా పొయ్యి ముందు కూచుని
ఎవరి పెళ్ళి గురించో చెబుతోంది.
వెనక రొట్టె మాడి
గది నిండా పొగ.
"ఏం వాసన?" అంది.

మేం కాపలా కాసింది కిటికీకి.
అది ఎప్పుడో గుమ్మంలోంచి వచ్చి
పొయ్యి పక్కన పీట వేసుకుంది.
కట్టెల బండివాడో, చర్చిలో ఆఖరి ఆదివారమో,
స్కూలు నించి నేను తెచ్చిన పుస్తకమో.
ఎవరూ పైకి అనలేదు,
అందరం లెక్కలు వేసుకున్నాం.

అంబులెన్సు ఆటు వేళ వచ్చింది.
ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డు ఆసుపత్రికి.
నాన్న నిచ్చెన దాకా రాబోయి
తొడల్లోతు బురదలో కూరుకుపోయి
అక్కడి నించే లాంతరు ఊపాడు.
వాళ్ళమ్మని తీసుకెళ్ళింది రోడ్డు వైపు నించి.
ఖాళీ కిటికీకి ఊపుతూనే ఉన్నాడు.
నేను వెళ్ళి అందులో నిలబడ్డాను,
ఎవరో ఒకరుండాలని.

సెప్టెంబరులో తిరిగొచ్చింది నానమ్మ, సగం బరువుతో.
వాసన మాత్రం తిరిగి రాలేదు.
ఇప్పుడు అన్నీ మమ్మల్నే అడుగుతుంది:
కట్టె తడిదా? చేప నిన్నటిదా?
ఈ చొక్కా ఉతికిందేనా?
దామాసో అబద్ధాలు చెప్తాడు,
ఉల్లిపాయ గులాబీ అట.
తెలిసే తల ఊపుతుంది.

నాన్నకి ఇంకా పోటు వేళకి మెలకువొస్తుంది.
లేచి వంటింటి కిటికీ దగ్గర నిలబడతాడు,
ఈసారి లోపలివైపు.
ఖాళీ పడవ మెల్లగా పైకొచ్చి
ఆయన్ని చూసి పోతుంది.

నిన్న నానమ్మ ఆ కిటికీ తెరిపించి
"సముద్రం ఏం వాసనేస్తోంది, చెప్పు" అంది.
పుట్టినప్పటినించీ పీలుస్తున్నదే.
"ఉప్పు" అన్నాను.
"అది నాలిక్కి తెలుసులే. వాసన చెప్పు."
ఏం చెప్పాలో తోచక
ఆమె చెయ్యి పట్టుకుని
నీళ్ళు ఇంకొంచెం పైకి వచ్చేదాకా
ఆగాను.