తెగిన చోటు

బోర్డు మీద ‘విద్యుత్ వలయం’ అని రాశాను.
వెనక బెంచీలోంచి పరదేశి అడిగాడు:
“వలయం అంటే వలేనా టీచర్?”
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, అప్పటికి.

పెదజాలారిపేట బడి, ఏడో తరగతి బి సెక్షన్.
కిటికీకి ఇవతల నలభై ఇద్దరు,
అవతల సముద్రం ఒక్కతే, అందరికన్నా ఎక్కువ అల్లరి.
ల్యాబు బీరువా తాళం తుప్పుపట్టి
హెడ్మాస్టరుగారి మాట కూడా వినడం మానేసింది.
అందుకే, ఎవరింట్లో ఏది దొరికితే అది తెమ్మన్నాను.

తెచ్చారు.
టీవీ రిమోట్లోంచి పీకిన సెల్లులు
(ఆ సాయంత్రం ఎన్ని వీపులు మోగాయో),
చవితి పందిరి విప్పినప్పుడు ఏరుకున్న రంగుబల్బులు,
కాలిపోయిన ఫ్యానులోంచి రాగి తీగ,
ఎవరమ్మ గాజుకి వేలాడిందో ఒక సేఫ్టీ పిన్ను:
అదే మా స్విచ్చు.

ఒక్కటీ వెలగలేదు.
ఈ ఒడ్డున ఇనుము ఏదైనా ఉప్పుకి కూడే.
ఉప్పు తెచ్చిన తుప్పుని
ఉప్పుకాగితంతోనే గీకాం.
రాగి తీగ తొడుక్కున్న కనపడని వార్నిషు చొక్కా
బ్లేడుతో విప్పాం.
పొడుగు కాలు ప్లస్సుకి, పొట్టి కాలు మైనస్సుకి.
“ఇంట్లో ప్లగ్గుల జోలికి వెళ్ళారో, చంపేస్తాను!”
ఒకటి, నాలుగు, తొమ్మిది...
బెంచీల మీద చిన్న చిన్న వెలుగులు లేచాయి.

ఒకటి మాత్రం మొండికేసింది.
సెల్లు మార్చాను, బల్బు తిప్పాను,
కొత్త తీగే, ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతోంది.
నూకరత్నం వచ్చి నా చేతిలోంచి తీసుకుంది.
కళ్ళు మూసుకుంది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
తీగని మెల్లగా జరుపుకుంటూ పోయింది,
ఇసక మీద పరిచిన వలలో
చిరుగు వెతికినట్టు.

“ఇక్కడండి. పైకి బాగానే ఉంది,
నోపల తెగిపోనాది.”

పంటితో తొడుగు ఒలిచి
వల కుట్టే ముడి ఒకటి వేసింది.
మెంతిగింజంత ఎరుపు!

పరదేశి వైపు చూడలేకపోయాను.
వాడే అన్నాడు, గొప్ప తీర్పరిలాగా:
“తేడా ఉందండి.
వలకన్ను తెగితే సేపలన్నీ పోతాయి.
తీగ తెగితే కరెంటు అస్సలు పోదు, ఆగిపోతాది.”
ఈ వాక్యం నా పాఠ్యపుస్తకంలో లేదు.

గంట కొట్టారు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గాక చూస్తే
నూకరత్నం ఇంకా అక్కడే,
పిన్ను నొక్కుతూ, వదుల్తూ.

“టీచర్, మా ఇంట్లో తీగలన్నీ బాగున్నాయండి.
ఏటకి ఎల్లని నెలల బిల్లు కట్నేదని
కరెంటోలు స్తంభం కాడ తీసీసినారు.
ఆ తెగిన సోటుని ఏటంటారండి?”

‘తెరిచిన వలయం.’
పొద్దున్నే డిక్టేషన్ చెప్పాను, రెండుసార్లు.
ఇప్పుడది గొంతులో వంజరం ముల్లులా అడ్డం పడింది.

“ఈ ఒక్క రేతిరికి ఇది అట్టుకెల్నా?”

స్టాకు రిజిస్టరు ముందు కూర్చున్నాను.
కొత్త సెల్లులు: రెండు.
తీసుకున్నవారు: గరికిన నూకరత్నం, ఏడు బి.
తిరిగి ఇచ్చు తేదీ...
కారణం అనే గడి దగ్గర
పెన్ను ఆగింది.
సిరా ఉంది. విదిలించి చూశాను.