మనిషికి రెండు నిమిషాలు

బయోన్ నగర సభలో నా పని
బల్ల చివర కూర్చుని గడియారం నొక్కడం.
పచ్చ, పసుపు, ఎరుపు. ఆపైన ఎవరైనా ఒకటే.

ముందు లేచినావిడ డోర్కాస్ హాలిగన్.
మూడు వాటాల చెక్క ఇల్లు, మొగుడు పోయాక అదే పింఛను.
"ముందు బాయిలర్ బాగుచేసేవాడి కూలికి హద్దు పెట్టండి,
తర్వాత నా అద్దెకి పెడుదురుగాని."
అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆస్పత్రిలో రాత్రిళ్ళు నేల తుడిచే ఎఫ్రెమ్
ఆరేళ్ళలో నాలుగిళ్ళు మారాడట.
ఏ ఇంటాయనా తిరిగి అడగని నాలుగు తాళంచెవులు
మైకు పక్కన పెట్టి ఊరుకున్నాడు.
మిగతా నలభై సెకన్లూ
మాట లేకుండానే గడియారం తినేసింది.

ఎదురుగా నాలుగంతస్తులు లేస్తే
తన టమాటాలకి ఎండ రాదన్నాడొకాయన.
"ఆ టమాటాల జాగాలో నేను కాపురముంటా,"
వెనక వరసలోంచి ఎవరో పిల్ల.

అప్పుడు లాయరు గొంతు సవరించుకున్నాడు:
ట్రెంటన్‌లో బిల్లు నెగ్గితే
ఎత్తు మీద గానీ అద్దె మీద గానీ
ఈ ఊరి మాట చెల్లదు.

అంతసేపూ జుట్లు పట్టుకున్నవాళ్ళు
ఒక్కసారిగా ఊరైపోయారు.
"వాళ్ళెవరు చెప్పడానికి!" అంది డోర్కాస్
టమాటాలాయన భుజం పట్టుకుని.
ఎరుపు వెలుగుతూనే ఉంది. నేను గంట కొట్టలేదు.

నా సంచిలో మా ఇంటామె ఉత్తరం, ఇంకా విప్పలేదు.
జీతగాళ్ళకి మైకు లేదు.

హాలు ఖాళీ అయ్యాక
పోయిన వస్తువుల పుస్తకంలో రాశాను:
తాళంచెవులు, నాలుగు.
చిరునామా అన్న గడిలో
పెన్ను కాసేపు ఆగింది.