ఎడమచెయ్యి

పదకొండేండ్లు మా ఇంట్ల
మృదంగం వాయించినాయనకు ఒకటే చెయ్యి.
కుడిది.

తలుపు రెక్కలంత ఎత్తు, అప్పడమంత పల్చన
నా ప్యానెల్ స్పీకర్లు.
తీగ మీద గోరు జారితే చెప్పేటియి,
పాడేటామె పెదవి తడుపుకున్నా చెప్పేటియి.
ఎడమచెయ్యేదని అడిగితే
గోడ దిక్కు చూసేటియి.
అయినా వాటి మీద మాట పడనియ్యలె నేను.

మొన్న చిట్టి ఎత్తి సబ్‌వూఫర్ తెచ్చిన.
నల్లడబ్బా, ఇరవై ఆరు కిలోలు.
"ఇది పాడదా?" అన్నది సుకన్య.
పాడదు. అడుగున ఉంటదంతే.

ఒక మూలకు పెడితే స్టీలు గిన్నెలు పాడినయి.
నలభై కాడ కోస్తే నడుమ గుంత,
ఎనభై కాడ కోస్తే కడుపుబ్బరం.
రెక్కలు ముందు ఉరుకుతున్నయి,
డబ్బా ఎనుకెనుక, లింకు తెగిన గూడ్సు లెక్క.
ఆఖరికి దాన్ని నా కుర్చీల కూసోవెట్టి
నేను మోకాళ్ల మీద, చెవి నేలకానిచ్చి
గదంతా పాకుతున్న.

తలుపు చప్పుడు.
కింది పోర్షన్ ఆగయ్య.
ముప్పై రెండేండ్లు ఇంజను నడిపిండు
(ఆ పేరుకు షెడ్డంతా నవ్వేటోళ్లట).
చెవులు సగం కాజీపేట్లనే ఇడిచి రిటైరైండు.
తిడతడనుకున్న.

"ఇన్నొద్దులు మీ ఇంట్ల ఏం మోగుతదో ఎరుకలే.
ఇయ్యాల ఇనవడ్డది,
మంచంల, ఈపుకు."

చెప్పులిప్పి, వట్టికాళ్లతోని గది కొలిచిండు.
మడమ ఆనిచ్చి ఆగుడు, తల అడ్డంగ ఊపుడు,
వదులైన పట్టాను ఎతుకుతున్నట్టు.
బియ్యం బస్తా కాడ నిలవడ్డడు.
"ఈడ. ఈడ బండి కలుస్తున్నది."

బస్తా పడకింట్లకు పోయింది.
సుకన్య రెండొద్దులు మాట్లాడలె.
గుండీ తిప్పంగ తిప్పంగ యాభై రెండు కాడ
డబ్బా మాయమైంది.
పల్చటి రెక్కల సందుల నుంచి
ఆయన ఎడమచెయ్యి బయటికి తీసిండు.
మూతకంటిన రవ్వముద్ద
తడి సుత తెలుస్తున్నది.

ఇప్పుడు రోజు అన్నం తిని వస్తడు ఆగయ్య,
గోడకు ఈపానిచ్చి కూసుంటడు.
కుడిచెయ్యి ఆయనకు అందది.
నాకు ఎడమది ఇంకా కొత్త.

పది దాటినంక పాటకు ఎనుక నుంచి
సన్నగ నేల కదుల్తది.
ఆహా, అంట నేను.
"గది పాట గాదు,"
కండ్లు తెరవక అంటడాయన,
"యాభై ఎనిమిది డబ్బాలు. బొగ్గు లోడు."