లోడు పెట్టి చూడాలి

గుణుపురం పాసింజరు వెళ్లిపోయాక
డాబా మీద గోనెసంచి విప్పాను.
ఇరవయ్యొక్క సోలార్ పలకలు,
పుస్తకంలా మడతపడేవి,
కొండమీది ఊళ్లన్నీ పదేళ్లు తిరిగి
మా కాశీనగరం దిగాయి.
ఒకదానికి ఇప్పపువ్వు వాసన,
ఒకదాని కుట్లలో చోడిగింజలు,
ఒకదాని మూల ఎలకలు తినేశాయి.

పలక్కి ఇరవై రూపాయలు నా కూలి.
బతికున్నదేదో, తుక్కేదో
సుద్దముక్కతో గీత గీసి చెప్పాలి.

మీటరు పెట్టగానే అన్నీ పులులే.
పంతొమ్మిదిన్నర, ఇరవై, ఇరవై ఒకటి.
నవ్వొచ్చింది.
మా నాన్న సంతలో ఎడ్ల బేరగాడు.
పళ్లు చూసి మురిసిపోయేవాళ్లని పక్కకి లాగి
"కాడి కట్టి చూడరా బాబూ" అనేవాడు.

నా దగ్గర కాడి లేదు.
పాత బండి ఇండికేటర్ బల్బు ఉంది.
తగిలించాను.
మొదటిది పద్నాలుగు దగ్గర కాళ్లు ఊని నిలబడింది.
రెండోది తొమ్మిదికి కూచుంది.
మూడోదానికి బల్బులో తీగ
ఎర్రబడీ పడకుండా ఆరిపోయింది.
వెనక చీటీ మీద మాత్రం ఇంకా
ఇరవై వాట్లనే ఉంది.

పన్నెండు గంటలకి ఆపేశాను.
ఎండ పెరిగితే కరెంటూ పెరుగుతుందనుకుంటారు గానీ
పలక వేడెక్కితే మనిషిలాగే సోలిపోతుంది.
మాఘమాసం ఎనిమిది గంటలకి పని చేసినట్టు
వైశాఖం మిట్టమధ్యాహ్నం చెయ్యదు.
వంశధార ఇసక తళతళ కళ్లలో పొడుస్తోంది.
తడిగుడ్డ నా నెత్తిన ఒకటి, పలక మీద ఒకటి.

మూడింటికి మార్థా రైతా మెట్లెక్కి వచ్చింది,
ఆశా దీదీ, చెప్పులు చేత్తో పట్టుకుని.
"ఏటంతంది అన్నా నాది?"
పదిహేడో నంబరు.
ఏడు వాట్లంటంది, అన్నాను.
సగానికి తక్కువైతే తుక్కని నా లెక్క.

ఆమె పలక తిప్పి కాన్వాసు చూపించింది.
బాల్‌పెన్ను గీతలు, వరసలు వరసలు.
ఈ దీపం కింద పుట్టినోళ్లంట.
మూడు వరసలు, ఆపైన ఏడు.
వరసకి పదా అంటే, కాదు, పన్నెండంది.
సవర లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుద్దంట,
పదమూడంటే పన్నెండూ ఒకటీ.
నేను తెలుగులో కూడాను, ఒడియాలో మళ్లీ కూడాను.
నలభై మూడు.
ఆ అంకెకి నా పుస్తకంలో గడి లేదు.

"ఏడైతే ఫోను నిండదా?"
నిండుద్ది, పొద్దల్లా పెడితే.
"దీపం?"
దానికి మూడు చాలు.
"మరి తుక్కేటి?"

తడుముకున్నాను.
తువ్వాలు నీళ్లలో ముంచి అద్దం తుడిచాను,
అంచుల్లో పదేళ్ల మట్టి, పొగమసి.
మళ్లీ బల్బు, మళ్లీ మీటరు.
ఏడూ పాయింట్ ఎనిమిది.
ఆ పాయింట్ ఎనిమిదికి నేను అంత సంతోషపడటం
ఆమె చూడకూడదని అటు తిరిగాను.

పదిహేడు పట్టుకుని ఆమె కొండెక్కింది.
దాని ఇరవై రూపాయలు తీసుకున్నాను,
తీసుకోలేదని చెప్పను.

తుక్కు గీత పడ్డవి ఎనిమిది, డాబా మీదే వదిలేశాను.
క్లిప్పులు తియ్యడం మరిచిపోయానేమో,
తెల్లారగట్ల నీళ్లకని పైకెళితే
సూరీడింకా మహేంద్రగిరి అవతలే ఉన్నాడు,
కాకి కూడా కూయలేదు,
మీటర్లో అప్పుడే తొమ్మిది.
పది.
పదీ పాయింట్ నాలుగు.

లోడు లేదు కదా. నమ్మలేదు.
చెంబు కింద పెట్టి
ఇంకాసేపు చూశాను.