ఏడో కంబం

మన్నడి వెనక సందులో ఆ పాత హాలుకి
ముందు వరసలో ఎనిమిది కంబాలు.
నా పని మస్టరు రాయడం.
గుడ్లు రెండు వందలు, బెల్లం నాలుగు కిలోలు,
కరక్కాయలు, పుల్ల పెరుగు,
పులికాట్ నించి మూడు బస్తాల గుల్లసున్నం.
ఇన్ని తిని, తాగి
మామూలు ఇటుక
పాలరాయిలా నటించడం నేర్చుకుంటుంది.

చెంగల్రాయుడు మేస్త్రీకి డెబ్బై ఒకటి.
తూకపుగుండు పక్కన పెట్టి, కళ్ళు మూసి
అరచేత్తో కంబాన్ని తడుముతాడు
చూలావు పొట్టని తడిమినట్టు.
"ఈడ రవంత కడుపుండాల.
తిన్నగా కడితే తిన్నగా కనపడదబ్బా,
నడుం పీక్కుపోయినట్టుంటాది.
కన్ను చెప్పే అబద్ధానికి
చెయ్యి ఇంకో అబద్ధం కలపాల.
అప్పుడే నిలబడతాది నిజం."

ఇంజినీరు తేన్మొళి నోరు తెరిచి వింది.
ల్యాప్‌టాప్‌లో ఏథెన్సు గుడి చూపించింది.
అదే కడుపు. రెండున్నర వేల ఏళ్ళ కడుపు.
"మీకెవరు చెప్పారు తాతా?"
"మా నాయన."
"ఆయనకి?"
"వాళ్ళ నాయన."
ఆ మెట్లు దిగుతూ పోతే
ఎక్కడో కాగితం చుట్ట పట్టుకుని ఒక దొర,
ఆ దొర వెనక పుస్తకం, పుస్తకం వెనక గ్రీకువాడు,
గ్రీకువాడి వెనక, కళ్ళు మూసుకుని,
పేరెవరూ రాసుకోని ఒక రాళ్ళ మేస్త్రీ.

మధ్యాహ్నం సాంబారన్నం దగ్గర
ఆమె మాటలు విప్పింది, టిఫిన్ గిన్నెలు విప్పినట్టు.
నేను రోజూ అనే కేంద్రం
వాళ్ళ ఎద్దుల్ని పొడిచిన ములుగర్రట.
అదే ముల్లు నేలలో గుచ్చి తాడు తిప్పితే వలయమట.
సొరంగం, వాళ్ళు ఊదిన రెల్లుగొట్టమట.
సరిగ్గా అప్పుడే కాళ్ళ కింద మెట్రో పోయింది.
పళ్ళెంలో రసం వణికింది.
రెల్లుగొట్టంలోంచి జనం
హైకోర్టుకి పోతున్నారు.

"ఓటు కనిపెట్టింది కూడా వాళ్ళే" అంది తేన్మొళి.
సున్నం నూరే కుప్పమ్మ రోకలి ఆపింది.
"ఆడోళ్ళకుండెనా?"
లేదు.
"బానిసలకి?"
లేదు.
"మరి ఆ గుడికి రాళ్ళు మోసిందెవురు?"
తేన్మొళి ల్యాప్‌టాప్ వైపు చూసింది.
అందులో కంబాలే ఉన్నాయి, ఎండ ఉంది,
మనుషులు లేరు.
కుప్పమ్మ నవ్వింది, కోపంగా కాదు,
దూరపు చుట్టాన్ని ఆనవాలు పట్టినట్టు.
"అయితే అదీ మన ఊరే" అని
మళ్ళీ దంచడం మొదలెట్టింది.

నాకు ఆ రాత్రి చూళైలో నిద్ర పట్టలేదు.
ప్రశ్న అడగడం కూడా వాళ్ళు నేర్పిందే అంటారు,
సంతలో నిలబడి, ఎదుటివాడు విసుక్కునేదాకా.
కుప్పమ్మకి ఎవరు నేర్పారు?
రోకలా? రెండు రూపాయలు తక్కువొచ్చిన కూలా?
కొన్ని ఓడలెక్కి వస్తాయి.
కొన్ని ఎక్కడికక్కడే మొలుస్తాయి, గోడల్లో రావిమొక్కల్లా.
ఏది ఏదో విడదీయడానికి
నేనెవణ్ణి, మస్టరు గుమాస్తాని,
నా చేతిలో ఉన్న కలం కూడా
వాళ్ళ రెల్లుపుల్లే అని తెలిశాక.

పొద్దున వాన.
ఏడో కంబం అడుగున, పూత ఆరకముందే
ఎవరో చెయ్యి ఆనించిన గుర్తు.
అయిదు వేళ్ళు. చిన్న చెయ్యి. గాజు గీత కూడా పడింది.
మేస్త్రీ చూశాడు.
తాపీ ఎత్తాడు, దించాడు.
"పైపూత పడితే కనపడదులే" అన్నాడు.
నునుపురాయి తీసుకుని
పక్క కంబానికి పోయాడు.

నేను రాసుకున్నాను:
ఏడో కంబం. కడుపు సరిగ్గా ఉంది.
గుడ్లు, ఇంకో యాభై కావాలి.