బూట్ల పెట్టె, నలభై రెండో సైజు

సెవెరిన్, నువ్వడిగిన చరిత్ర
నీ బ్రోచర్‌లో రెండు పేజీలకు సరిపడేదే:
పంతొమ్మిది వందల అరవై ఒకటి, జ్యూరిక్,
వ్యవస్థాపకుడు ఆన్స్‌గార్ టోమెన్,
తర్వాత ఊళ్ల పేర్లు, ఒక్కో ఊరి పక్కన ఒక్కో ఏడు.
రాసుకో.
కాఫీ చల్లారేలోగా మిగతాది చెబుతాను,
అది రాసుకోవద్దు.

ఆఫీసంటే లిమ్మాట్ ఒడ్డున
రొట్టెల దుకాణం మీద ఒక గది.
పొద్దున్నే పిండి పొంగే వాసన,
బల్ల మీద టెలిఫోను, దాని పక్కన
ఆయన కొత్త బూట్లు వచ్చిన అట్టపెట్టె.
అందులో పదకొండు కార్డులు.
పదకొండు మంది మగవాళ్లు,
తాము ఆ పెట్టెలో ఉన్నామని తెలియనివాళ్లు.

అంతకు ముందు ఆయన బాల్ బేరింగులు అమ్మేవాడు.
"ఇప్పుడూ అదే పని, రెగూలా,
సరైన కొలత గుండు సరైన గాడిలో పడితే
మిగతాది అదే తిరుగుతుంది" అనేవాడు.
మొదటి బేరం వింటర్‌టూర్ నుంచి.
మగ్గాల ఫ్యాక్టరీ. డైరెక్టరు పోయాడు,
కొడుక్కి గుర్రాలే లోకం.

జనం మమ్మల్ని తలల వేటగాళ్లన్నారు.
వేట ఎక్కడిది? మాది గాలం కూడా కాదు.
ఒక్క ప్రశ్న:
"ఈ పనికి తగినవాళ్లు మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"
అవతలివాడు గొంతు సవరించుకుంటాడు.
ఆలోచించి చెబుతానంటాడు.
సాయంత్రం ఆరు దాటాక ఫోను మోగుతుంది.
ముందు మాట రాదు,
డబ్బాలో నాణెం పడ్డ చప్పుడు వస్తుంది.
ఆఫీసు ఫోను కాదు, ఇంటి ఫోను కాదు,
వీధి చివర గాజు గదిలోంచి
ఒక పెద్దమనిషి తన పేరు తానే
పరాయివాడి పేరులా మెల్లగా చెబుతాడు.
ఆ చప్పుడు మీద లేచింది ఈ సంస్థంతా.
బ్రస్సెల్స్, మిలాన్, సావో పాలో.
టోక్యోలో ఏడాదిన్నర ఒక్కడూ గూడు మారలేదు,
ఊరికే అద్దె కట్టాం.

కార్డులు రాసేది నేను.
పేరు, చదువు, జీతం,
ఊరు మారడానికి భార్య ఒప్పుకుంటుందా.
వెనక వైపు పెన్సిల్‌తో, నాకోసం:
"నవ్వేముందు చుట్టూ చూస్తాడు."
"వెయిటర్‌కు థాంక్స్ చెప్పడు."

డెబ్బై ఒకటిలో మాకు ఓటొచ్చింది.
ఆ వారమే మొదటి ఆడమనిషి కార్డు పెట్టాను:
ఊర్సినా కాఫ్లిష్, రసాయనాలు, బాసెల్.
పద్ధెనిమిదేళ్లు దాన్నెవరూ పైకి తీయలేదు.
పెట్టెలు మారినప్పుడల్లా నేనే మోశాను.
చివరికి ఒక సిమెంటు కంపెనీ కోసం ఫోన్ చేస్తే
"ఇన్నాళ్లూ నంబరు మార్చలేదు నేను" అంది.
అంతే అంది.

తొంభైలో ఆయనకు డెబ్బై నిండాయి.
మన కుర్చీకీ మనమే వెతుక్కోవాలన్నారు వాటాదారులు,
పని నాకప్పగించారు.
పద్ధతి పద్ధతే. పక్క గదికి ఫోన్ కలిపాను.
"టోమెన్ గారూ,
ఈ పనికి తగినవాళ్లు మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"
గొంతు సవరించుకున్నాడు.
ఆలోచించి చెబుతానన్నాడు.

ఆరున్నరకి మోగింది.
వాన. మలుపు దగ్గర ట్రామ్ కీచుమనడం,
తర్వాత నాణెం.

పూర్తిగా చెప్పనిచ్చాను.
వయసు అడిగాను, అడగాలి కాబట్టి.
అరవై ఏడన్నాడు.

కుర్చీ రోటర్‌డామ్ మనిషికి దక్కింది,
ఆ పేరు నీ బ్రోచర్‌లో ఎలాగూ ఉంటుంది.
తర్వాత కార్డులన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాయి,
ముందువైపులు మాత్రమే.
వెనక వైపు ఎక్కించడానికి గడి లేదన్నారు.
పెట్టె మా ఇంట్లో ఉంది. మూత తీస్తే
ఇప్పటికీ కొంచెం తోలు వాసన.

ఆయన కార్డు వెనక ఏం రాశానో
అడగకు.
కాఫీ తాగు, చల్లారిపోయింది.
ఇందాక వెయిటర్‌కు థాంక్స్ చెప్పావు నువ్వు,
చూశాను.