దిగుడు పాట

జ్వరం పోయి పద్దెనిమిది రోజులు.
ముక్కు ఆరింది, ఒళ్ళునొప్పులు దిగాయి,
కాఫీ మళ్ళీ కాఫీలా వాసనేస్తోంది.
ఒక్కటే మిగిలింది.
అంగిటి వెనక, మింగలేక కక్కలేక,
అద్దె కట్టని మనిషిలా
రాత్రంతా అటూ ఇటూ జరుగుతూ
కాస్త గళ్ళ.

నా పేరు జుల్మీరా.
సాంతా ఒలాయా రేవులో చేపల వేలం నాది.
మా పోర్చుగల్ రేవుల్లో పాట పైకి పోదు, కిందికి దిగుతుంది.
నలభై యూరోల దగ్గర మొదలెట్టి
ముప్పైతొమ్మిదీ ముప్పైఎనిమిదీ ముప్పైఏడూ అంటూ
ఊపిరి తీయకుండా మెట్లు దిగుతాను.
ఎవరి గుండె ముందు జారితే
వాళ్ళు "హూఁ" అంటారు.
ఆ బుట్ట వాళ్ళది.
ఇరవై రెండేళ్ళలో
ఈ గొంతు ఒక్క మెట్టూ తప్పలేదు.

ఇప్పుడు ముప్పై దగ్గరకొచ్చేసరికి గర్రుమంటోంది.

మందులషాపు ఫెలిష్‌బెర్తు టార్చి వేసి చూశాడు.
"ఏం లేదక్కడ. ఊరికే ఖాండ్రించకు తల్లీ,
గోకిన కొద్దీ ఊరుతుంది.
గుక్కెడు నీళ్ళు తాగు, మింగు, వదిలెయ్."
వదిలెయ్యడం!
చేపల బజారులో బతికేదానికి
అన్నిటికన్నా చేతకాని పని చెప్పాడు.

మా అత్త క్యారెట్టు చక్రాలు తరిగి
మీద పంచదార పోసి మూతపెట్టింది.
తెల్లారేసరికి గిన్నె అడుగున నారింజరంగు పాకం.
చెంచాడు నాకాను.
ఉప్పునీళ్ళు పుక్కిలించాను, తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టాను,
రెండో దిండు ఎక్కించి
కూర్చున్నానో పడుకున్నానో తెలియని నిద్ర పోయాను.
నాలుగింటికి సింకు ముందు నిలబడి దగ్గుతుంటే
సొరచేప తోలులాంటి ఆ గరుకు చప్పుడే
పైవాటా వాళ్ళకి అలారం.

సోమవారం. గ్రసియాను పడవ. పద్నాలుగు బుట్టల కవళ్ళు.
ముప్పైనాలుగు, ముప్పైమూడు, ముప్పైరెండు
అక్కడ పట్టేసింది.
గొంతులో వెలక్కాయ.
హాలంతా చడీచప్పుడు లేదు,
కరిగే ఐసు చుక్క చుక్కా వినిపిస్తోంది.
ఆగమని చెయ్యెత్తి సీసా వెతుక్కుంటున్నాను.
అంతలో ముసలి ఎర్మీనియు,
పైసా రాలనివ్వని మనిషి,
ఇరవైకి ముందు ఏనాడూ నోరు విప్పనివాడు,
టోపీ సర్దుకుని "హూఁ" అన్నాడు.
"ముప్పైరెండు, నాకే. ఆవిణ్ణి నీళ్ళు తాగనివ్వండి."

మర్నాడు ఇంకొకరు. ఆ మర్నాడు మరొకరు.
నా గొంతు ఎక్కడ ఆగితే ధర అక్కడ ఆగింది.
ఎవరూ ఎవరితోనూ అనుకున్నది కాదు.
జాలికి కూడా సిగ్గుంటుంది కాబోలు,
బేరం ముసుగేసుకుని వచ్చింది.
ఆ వారం గ్రసియాను
కూతురికి కళ్ళజోడు కొన్నాడు.

బుధవారం లేచి గుటకేస్తే
ఏదీ అడ్డు తగల్లేదు.
మళ్ళీ వేశాను. లేదు.
ఖాళీ అయిన వాటాలోకి ఇంటిగలామె తొంగిచూసినట్టు
లోపలికి వినుకుంటూ కాసేపు నిలబడ్డాను.

ఆ పొద్దు పాట నూనె రాసిన తలుపులా సాగింది.
నలభై నుంచి పదిహేడుదాకా తొట్రుపాటు లేదు.
ఎర్మీనియు టోపీ కదల్లేదు.
ఖాళీ బుట్టలు ఏరుకుంటూ గ్రసియాను అడిగాడు:
"తగ్గిందా, జుల్మీరా?"
"తగ్గింది."
"మంచిది," అన్నాడు తడి నేల వంక చూస్తూ.
నిజంగానే అన్నాడు. అదే కష్టంగా ఉంది.

ఈ పొద్దు కానాగంతలు. తొమ్మిది బుట్టలు.
నలభై, ముప్పైతొమ్మిది, ముప్పైఎనిమిది...
ముప్పైఒకటి దగ్గర
గొంతు సవరించుకున్నాను.

అక్కడ ఏమీ లేదు.

చెయ్యెత్తాను,
సీసా కోసం వంగాను,
నెమ్మదిగా, చాలా నెమ్మదిగా,
మూత తిప్పుతున్నాను.